నాలుగున్నర అలారం

మా కొట్టుకు పేరు లేదు.
అండర్ బ్రిడ్జి దాటినంక ఎడమచేతి దిక్కు
తుప్పుపట్టి వేలాడే తరాజే మా బోర్డు.

పొద్దుందాక వస్తనే ఉంటయి
నోరు తెరిచిన కంప్యూటర్లు,
కడుపుబ్బిన బ్యాటరీలు.
హన్మకొండల కోచింగ్ సెంటరొకటి మూతబడితే
ముప్పయ్యారు కీబోర్డులు ఒక్క ఆటోల దిగినయి.
అన్నిట్ల నున్నగ అరిగింది స్పేస్ బటనే.
ఖాళీ జాగనే ఎక్కువ ఒత్తిండ్రు పిల్లలు.

మా నాయిన రేడియోలు బాగుచేసేటోడు.
చెవి ఆనిచ్చి, ఎక్కడ నొస్తుందో చెప్పేటోడు.
నేను తూకమే నేర్చిన.

వైర్లు కాల్చేది యాకమ్మ.
రాత్రిపూట, గుట్ట వెనుక బీడుల.
మంట మొదలు పచ్చగ లేస్తది, ఎనుక నీలంగ.
పీరీల గుండం ఏడాదికొక్కపారి,
ఆమెది దినాం.
తొక్క కాలిపోయినంక
రాగి నాకు, పొగ ఆమెకు.
కాయితం మీద రాసుకోని పొత్తు మాది.

గుట్ట కింది బోరు నీళ్లు ఇప్పుడు
నాలిక మీద మొల పెట్టినట్టుంటయి.
బర్రె సుత మూతి పెట్టి ఎనుకకు తీస్తది.
మనిషికి ఆ సౌలతు లేదు.

నిన్న తెల్లారగట్ల
ఆమె రాగి మూట దించుతుంటే
కుప్పలకెల్లి సప్పుడు.
పగిలిన అద్దాల కింద, చిక్కుబడ్డ తీగల కింద
ఏదో ఫోను మోగుతుంది.
ఎవలో జీవి తియ్యకుండనే అమ్మిండ్రు.
మోచేతిదాక చెయ్యి పెట్టి తీసింది యాకమ్మ.
చదువు రాదు, నా చేతికిచ్చింది.

తెర మీద రాసి ఉన్నది:
"నల్లా వచ్చింది. లెవ్వు. బిందెలు పెట్టు."

ఏ వాడదో. ఎవలి నిద్రో.
చదివి వినిపిచ్చిన.
"యాడ వచ్చిందట?" అన్నది,
నిజంగనే అడిగినట్టు.

ఆపుదామంటే అద్దం పలిగి ఉన్నది,
వేలు ఎంత ఒత్తినా ఇనలే.
యాకమ్మ కొంగుతోని మసి తుడుచుకున్నది,
దగ్గింది,
ఇంటికాడ బిందెలు ఖాళీగున్నయని
పైసలన్న అడగకుండ
బోరు దిక్కు పోయింది.

నేను ఫోనును కాంటా మీద పెట్టిన.
నూట డెబ్బై గ్రాములు.

కొంచెంసేపటికి దానంతల అదే ఆగింది.
మళ్ల చూసిన.
నూట డెబ్బయ్యే.