ఒక బొమ్మకి అయిదిళ్లు

నాలుగో తరగతి లెక్కల పుస్తకం, ఆఖరి పాఠం.
పటచిత్రాలు, కమ్మీ రేఖాచిత్రాలు.
సోమవారానికి నాలుగు ఆపిల్ పళ్లు, మంగళవారానికి ఆరు.
మా లంకలో ఆపిల్ పండు
ఎవరికైనా జ్వరం వస్తేనే రేవు దాటుతుంది.
పుస్తకం మూసి
పిల్లల్ని కొబ్బరి రాశి దగ్గరికి తీసుకెళ్లాను.

దింపు అయిపోయింది. ముత్యాలు తాత లెక్కపెడుతున్నాడు,
చేతికో కాయ, విసురుకో అంకె.
మొదటి విసురుకి "లాభం" అన్నాడు.
ఒకటి అనడు. యాభై ఏళ్లుగా అనలేదట.
వందకో కాయ తీసి పక్కన పెడుతున్నాడు.
"చూశారా, గణన చిహ్నం అంటే అదే" అన్నాను.
"చిహ్నం కాదండీ, అది నా కూలి కాయండి, ఆయ్" అన్నాడు తాత.

మర్నాటి నుంచి తరగతిలో ఎవరూ ఒకటి అనలేదు.
లాభం, రెండు, మూడు, నాలుగు,
అయిదోది అడ్డగీత.
బడికి ఎలా వస్తారు?
నడిచి పదకొండు మంది, సైకిలు మీద నలుగురు,
పడవలో నేనొక్కదాన్నే.
నా గడి మరీ ఒంటరిగా ఉందని
నూకరత్నం దానికో తెరచాప గీసింది.

ఇళ్లు లెక్కపెడదామని వాళ్లే అడిగారు.
ఏటి ఒడ్డు వరస. వైనతేయ కోసుకుపోతున్న వరస.
పలకలు పట్టుకుని ముసలాళ్ల చుట్టూ తిరిగారు.
సంవత్సరాలు గుర్తులేనివాళ్లు
పోయినవాటి పేర్లు చెప్పారు:
పాత రేవు జారిన ఏడు, ముప్పై ఇళ్లు.
చింతచెట్టు పడ్డ ఏడు, ఇరవై.
జోయెల్ పుట్టిన ఏడు, పదిహేను.
ఈ ఏడు, ఏడు.

అట్ట చిన్నది, ప్రమాణం కావాలి.
"ఒక బొమ్మకి అయిదిళ్లు" అని బోర్డు మీద రాశాను.
కొబ్బరి మట్ట చెక్కి ఇల్లు అచ్చు చేసుకున్నాం,
బట్టల నీలిమందులో ముంచి అద్దడమే.
ముప్పైకి ఆరు, ఇరవైకి నాలుగు, పదిహేనుకి మూడు.
ఎంత చక్కగా వచ్చాయో.
ఏడు దగ్గర ఒక బొమ్మ పడి రెండిళ్లు మిగిలాయి.
సగం బొమ్మ కూడా కాదు.
"కాస్త గోడ మాత్రం గీసి వదిలేయండి" అన్నాను.

జోయెల్ చెయ్యెత్తాడు.
"టీచరండీ, ఆ మిగిలిన రెండూ ఎవరియ్యండి?"
ఎవరివీ కాదురా, లెక్కంతే.
"వరసలో ఆఖరివి మాదీ, మా పెద్దమ్మాళ్లదీ అండి.
మాకు తలుపు రాలేదండి."

ట్రైనింగులో మూడు రోజులు చెప్పారు,
గడులు సమానంగా ఉండాలని, పేర్లు కింద రాయాలని.
దీని గురించి ఎవరూ చెప్పలేదు.
తడిగుడ్డతో అయిదు చెరిపేశాను.
ఒక బొమ్మకి ఒక ఇల్లు.

అట్ట ఏ మూలకి సరిపోతుంది!
పాత క్యాలెండర్లు తిరగేసి నేల నుంచి గోడకి అంటించాం.
బెత్తెడేసి ఇళ్లు ఒకదానిమీదొకటి ఎక్కి
వరద వదిలిన బురద చార దాటి పోయాయి.
పైవాటికి నూకరత్నం బెంచీ ఎక్కాల్సొచ్చింది.
ఈ చివర జోయెల్ మోకాలి మీదికి వచ్చి ఆగాయి.
పక్కన ఇంకా చోటుంది.
"వచ్చే ఏడు అని రాసెయ్యనా?"
రాయి. పేరొక్కటే రాయి.
లెక్కపెట్టాకే గీద్దాం.

ఇంటికెళ్లేటప్పుడు జోయెల్
అచ్చుని అడక్కుండా జేబులో వేసుకున్నాడు.
ఆరలేదింకా. చొక్కా మీద
నీలంగా ఒక తలుపు.

తర్వాత వారం ఎం.ఇ.ఓ. గారు తనిఖీకి వచ్చారు.
"ఏంటమ్మా ఇది, స్కేలు లేదా?
ఇంత పొడుగు ఎవరు గీయమన్నారు?"
ఇళ్లండి, అన్నాను.
ఆయనదీ లంకేనట, దిగువన ఎక్కడో.
కళ్లజోడు తీసి గోడకి దగ్గరగా జరిగి
పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకున్నారు.
ఎక్కడ ఆగారో వినపడలేదు.
మొదటి మాట మాత్రం వినపడింది,
ఒకటి అనలేదు.