గీత మందం

సెమరాంగ్ ఉత్తరపు అంచున, ఓడరేవు వెనక సందులో
విగాతి ఇంట్లోకి తల వంచి వెళ్ళాలి.
మర్యాద కోసం కాదు.
నేల దిగిపోతూ ఉంటే ఆమె ఏటా మట్టి పోయించి
గచ్చు పైకి లేపుతుంది.
కప్పు మాత్రం ఒక్కసారే లేపగలిగారు, పడవ అమ్మి.
ఆనాడు మొగుడు ఎగిరినా అందని దూలానికి
ఇప్పుడు ఎనిమిదేళ్ళ మనవరాలు
మునివేళ్ళ మీద లేచి రిబ్బన్లు ఆరేస్తోంది.
కిటికీ గుండా పిల్లి
ఎగరకుండానే నడిచి వెళ్తుంది.

నేను కొలతలవాణ్ణి.
నగర ప్రణాళిక కార్యాలయం, మూడో అంతస్తు.
నా లోకమంతా మిల్లీమీటర్లు.
ఏడాదికి ఎనభై మూడు, అని రాసుకున్నాను.
"బెత్తెడు," అంది విగాతి, పొగగూటిలో చేపలు తిప్పుతూ.
"ఏడాదికి బెత్తెడు. నువ్వు రాసుకున్నదీ అదేనా?"
నాలుగు వేళ్ళు ఆనించి చూసుకున్నాను.
అదే.

ఆ గురువారం హెందార్తో గారు బల్ల మీద పటం పరిచారు.
రెండువేల నలభై అయిదు నాటి నగరం.
నీలం రంగు ఎంతవరకు రాగలదో లెక్కకట్టి
దానికి ఎదురుగా ఎర్ర స్కెచ్ పెన్నుతో గోడ గీశారు.
పంపులు, మడచెట్లు, కట్ట మీద సైకిళ్ళకు దారి.
బాగుంది. నిజంగానే బాగుంది.
వంక పెడదామంటే నాకు
గీత మందం తప్ప ఏమీ దొరకలేదు.

పటం ఇరవై వేలకు ఒకటి.
గీత రెండు మిల్లీమీటర్లు.
నేల మీద అది నలభై మీటర్లు.
ఆ నలభై మీటర్లలో పదకొండు ఇళ్ళు, ఒక నమాజు గది,
మూడు పొగగూళ్ళు,
కొళాయి దగ్గర మనుషుల బదులు వరసలో నిలబడ్డ
పసుపు బకెట్టు, పచ్చ బకెట్టు, పిడి విరిగిన బకెట్టు.

"మా సందు గోడకి లోపలా, బయటా?" అడిగింది విగాతి.
లోపలైతే పొడినేల. బయటైతే సముద్రం.
"గీత కింద," అన్నాను.
ఆమె నవ్వింది. పొగకి కళ్ళు తుడుచుకుంది.
"నుదుటి మీద గీత ఉంటుందని విన్నాను గానీ
ఇంటి మీద ఉంటుందని వినలేదు."

అభిప్రాయాలు చెప్పమని ఉత్తరం వచ్చింది:
నగరపాలక భవనం, ఉదయం తొమ్మిది గంటలు.
తొమ్మిదింటికి చేపల బేరం.
పక్కగదిలో ఉండే మున్‌జియాకి ఉత్తరమే రాలేదు.
ఆమెది అద్దె. పట్టా లేదు.
పట్టా లేనివాళ్ళకి, మా జాబితా ప్రకారం, వరద రాదు.

ఉత్తరం వెనకే విగాతి జవాబు రాయించింది:
మీరే రండి. పదిహేనో తారీకు, సాయంత్రం అయిదున్నర.
ఆ వేళే ఎందుకో చెప్పలేదు.

వచ్చారు. చాప మీద కూర్చున్నంతసేపూ అందరం ఒకటే ఎత్తు.
రోబ్ అంటారు అక్కడ పోటునీళ్ళని. అది అరుస్తూ రాదు.
మురుగుకాలువలోంచి వెనక్కి నడిచి
ముందు చాప అంచుని, తర్వాత మేజోళ్ళని అడుగుతుంది.
హెందార్తో గారు లేచి
పటం తడవకుండా పైకెత్తబోయారు.
చేతులు కప్పుకి తగిలాయి.
ఎత్తడానికి అక్కడ ఎత్తు లేదు.

అప్పుడు మున్‌జియా మెడ వంచి నిలబడి
పేరు చెప్పింది. గది చెప్పింది. అద్దె ఎంతో చెప్పింది.
"రాసుకోండి," అంది.
రిజిస్టరులో అద్దెవాళ్ళకి గడి లేదు.
అంచున చేత్తో గీసి రాశాను.

గోడ ఇంకా జరగలేదు.
వచ్చే నెల సమావేశం మాత్రం పోటువేళ చూసి పెట్టారు.
నేను అయిదువందలకు ఒకటి చొప్పున మళ్ళీ గీస్తున్నాను.
ఆ లెక్కన పెన్సిలు
ప్రతి గుమ్మం దగ్గరా ఆగి అడగాల్సి వస్తోంది.
పని సాగడం లేదని పైనుంచి ఒక మెమో కూడా వచ్చింది.

ఇవాళ పొద్దున ఆఫీసు తలుపు దగ్గర
తల వంచాను.
తొమ్మిది అడుగుల తలుపు అది.