లోపలి నట్టు

సఖినేటిపల్లి రేవులో పంటు దిగే మొదటి బండి
ఓలేటి నూకరాజుది.
వెనక ఐసు పెట్టె, పెట్టెలోంచి కారే ఉప్పునీళ్ళు,
ఆ నీళ్ళలో ఆరేళ్ళుగా తడుస్తున్న సైలెన్సరు.
వాడొచ్చాడని వీధికి చెప్పేది వాడి కేక కాదు,
నెల రోజులుగా ఆ పగిలిన చప్పుడే.

"గాస్కెట్టు పోయిందండి. పదింటిలోగా ఇచ్చెయ్యాలి,
చేప ఆగదండి."
చేప ఆగదు. నట్టు కదలదు.
ఈ రెంటి మధ్య నా కొట్టు.

ఉన్నవి రెండే నట్లు.
బయటిది మర్యాదస్తుడు,
టి పానా పెట్టగానే కాస్త మూలిగి లేచొచ్చింది.
లోపలిది ఫ్రేము గొట్టం చాటున,
గోడవైపు తిరిగి పడుకున్న మనిషి.
కంటికి దొరకదు, వేలి కొసకే తెలుస్తుంది.

పానాల గుడ్డ పరిచాను.
టి పానా గొట్టానికి తగిలి అక్కడే ఆగింది.
రెండు మూతుల పానా పట్టింది గాని
గోరంత తిరిగి ఫిన్నుకి కొట్టుకుంది.
పన్నెండు పళ్ళ రింగు నేనే వద్దన్నాను.
తుప్పు నట్టు దానికి బెల్లంముక్క,
మూలలన్నీ నాకేసి గుండ్రం చేసి పెడుతుంది.
మెడ వంగే జాయింటు తగిలించి ముందునించి దూరిస్తే
నా బలమంతా దారిలోనే వంకర్లు పోయింది,
శివారు చేలకి చేరే కాలవ నీళ్ళలా.

నూకరాజు గడియారం చూడ్డం లేదు.
పెట్టె కింద మడుగు ఎంత వెడల్పయిందో చూస్తున్నాడు.

సత్తిపండు సుత్తీ శానం పట్టుకొచ్చి నిలబడ్డాడు.
పదిహేడేళ్ళు. ప్రతి నట్టూ వాడికి పగవాడే.
"ఒక్కటిస్తే ఊడొచ్చేస్తుందండి."
వస్తుందిరా, స్టడ్డుతో సహా.
విరిగిన ముక్క హెడ్డులో ఉండిపోతే
డ్రిల్లు పెట్టడానికి రాజోలు, అక్కడ కాదంటే భీమవరం,
ఈలోగా నూకరాజుకి వారం రోజుల చేప.
ఇదంతా వాడికి చెప్పలేదు.
నా ఎడమ బొటనవేలు చూపించాను, గోరు లేనిది.

కిరసనాయిల్లో డీజిలు కలిపి రెండు చుక్కలు వేసి
టీకి వెళ్ళొచ్చాను.
ఉప్పు పట్టిన పట్టు ఒక్క టీకి వదలదు.
ఇంకో రెండు చుక్కలు. ఇంకో టీ.

అప్పుడు అటక మీది రేకు డబ్బా దించాను.
అందులో ఒకే ఒక అవిటి పానా.
పది నంబరు, ఆరు పళ్ళ రింగు.
మా గురువు మీరాసాయిబు కొత్తగా కొని
నూనెకాగితం వాసన పోకముందే
రంపం పెట్టి సగానికి కోశాడు.
కొలిమిలో ఎర్రగా కాల్చి మెడ వంచాడు,
ఆకురాయితో గోడ పల్చగా రాశాడు.
నాకప్పుడు పన్నెండేళ్ళు. ఏడుపొచ్చింది.
"ఇంక ఇది ఎక్కడా పనికిరాదు గదండీ" అన్నాను.
"అన్నిచోట్లా పనికొచ్చేవి గుడ్డ నిండా ఉన్నాయి గదరా" అన్నాడు.

కళ్ళు మూసుకున్నాను. ఇక్కడ చూపే అడ్డం.
గొట్టం వెనకనించి, ఫిన్ను కిందగా, మణికట్టు తిప్పి...
కూర్చుంది.
వెంటనే విప్పలేదు.
ముందు బిగించే వైపే వెంట్రుకంత తోశాను.
తర్వాత ఇటు.
లోపల ఎక్కడో సన్నగా టిక్కుమంది.
సత్తిపండుకి వినపడలేదు,
నా మోచేతికి వినపడింది.

గోరంత తిప్పడం, తియ్యడం, బోర్లించి మళ్ళీ పెట్టడం, గోరంత తిప్పడం.
నలభై సార్లో యాభయ్యో.
లెక్కపెడుతున్న సత్తిపండు మధ్యలో మర్చిపోయాడు.
అరచేతిలో పడింది చివరికి,
ఒళ్ళంతా తుప్పు, ఆరు మూలలూ ఉన్నాయి.

కొత్త గాస్కెట్టు. ఇత్తడి నట్లు,
ఉప్పుని ఇనుము కంటే కాస్త ఓర్చుకుంటాయి.
మరలకి గ్రీజు పూసి, సమంగా బిగించి, కొట్టమన్నాను కిక్కు.
బండి గొంతు తగ్గించి మాట్లాడింది.
నూకరాజు కాసేపు విన్నాడు, మొహం చిన్నబుచ్చుకున్నాడు.
"నేనొచ్చానని ఇప్పుడు ఆడోళ్ళకెలా తెలుస్తాదండి?"

వాడు వెళ్ళాక చూస్తే
సత్తిపండు అవిటి పానా తుడిచి డబ్బాలో పెట్టి
గుడ్డ మీంచి పన్నెండు నంబరొకటి ఎత్తి
దాని మెడకేసి అదేపనిగా చూస్తున్నాడు.
"వెనక బ్రాకెట్టు చాటు నట్టుకి మనకి లేదు గదండీ" అన్నాడు.
రెండో చేత్తో రంపం వెతుకుతున్నాడు.