జానెడు

మా తీరానికి అల నేరుగా రాదు.
అప్పు అడగొచ్చిన చుట్టంలా
ఓరగా వస్తుంది, నైరుతి నుంచి,
పోయేటప్పుడు మాత్రం నిటారుగా పోతుంది.
వచ్చిన దారి వేరు, పోయిన దారి వేరు.
ఆ తేడాలో ప్రతి ఇసుక రేణువూ
జానెడు తూర్పుకి జరుగుతుంది.

జానెడే.

సెనాను మాస్టారు ఒకసారి
ఎండు కొబ్బరికాయకి సున్నం పూసి కెరటాల్లో వదిలి
దాని వెంట నడవండి అన్నాడు.
ఏడుగురం నడిచాం.
తెల్లకాయ మునుగుతుంది, తేలుతుంది, ఒడ్డు తాకుతుంది,
మళ్ళీ బయల్దేరుతుంది.
ఇంటికెళ్ళాలన్న మాటే మరిచాం.
మధ్యాహ్నానికి ఏదో ఊరు,
ఇసుకలో గీతలు గీసినట్టు ఎర్రుల్లి మళ్ళు.
చేతిలో నీళ్ళ డబ్బాతో ఒకావిడ
ఎవరి పిల్లలర్రా మీరు అని కేకలేసి
ఆ నోటితోనే కూర్చోమని
ఉల్లి పులుసూ మొక్కజొన్న ముద్దా పెట్టింది.
కాయ సంగతి తర్వాత ఎవరికీ తెలీదు.

ఇసుక పోవడం కొత్త కాదు, అనేది ఎసినామ్ అవ్వ.
పోయేది, వచ్చేది.
పడమట వోల్టా నది
వానాకాలమంతా కొండల పొడి మోసుకొచ్చి
సముద్రం చేతిలో పోసేది,
సముద్రం మా గుమ్మం ముందు.
పెట్టేవాళ్ళున్నన్నాళ్ళూ
పట్టుకెళ్ళేవాడు దొంగలా కనపడడు.

ఎగువన ఆనకట్ట కట్టారు.
మా ఇంట్లో బల్బు వెలిగింది.
ఆ వెలుగులోనే చూశాం,
ఒడ్డు సన్నబడడం.

కొబ్బరిచెట్లు మొదట పెద్దల ముందు వంగినట్టు వంగాయి,
తర్వాత వేళ్ళు గాల్లోకి వచ్చాయి.
ఇల్లు ఒక్కసారి పడలేదు.
గోడ కింద ఇసుక జారేది, గది ఒరిగేది.
అవ్వ తన మంచం ఈడ్చుకుంటూ
సముద్రపు గది నుంచి నడిమి గదికి,
నడిమి గది నుంచి వంటింట్లోకి.
వంటిల్లు పోయిన రాత్రి
పొయ్యిరాళ్ళు రెండు ఎత్తుకుని ఉప్పు మడుగు వైపు నడిచింది.
మూడోది ఇంకా కాలుతోందట.

ఏళ్ళు గడిచాక
అగ్బెకో బాబాయి పెద్ద వల అక్కడే చిక్కుకుంది.
తాడు లాగే పాట ఆగిపోయింది.
పదిహేనేళ్ళ కుర్రాడు మునిగి, పైకొచ్చి,
ముక్కు చీది చెప్పాడు:
గోడ ఉంది, గోడ సందుల నిండా చేపలున్నాయి.
అవ్వ పకపకా నవ్వింది.
నేను కాపురం చేసినన్నాళ్ళూ
ఆ వంటింట్లో ఇన్ని చేపలు ఏనాడూ లేవు, అంది.
నవ్వు ఆగాక చాలాసేపు
చీర లాంటి ఆ పొడుగు గుడ్డ కొంగుతో మొహం తుడుచుకుంటూనే ఉంది.

ఇప్పుడు మాకు రాళ్ళ కట్టలు కట్టారు,
సముద్రంలోకి వేళ్ళు చాచినట్టు.
లారీల్లో నల్లరాయి వచ్చింది, రిబ్బన్ కత్తిరించారు.
వేళ్ళ మధ్య ఇసుక నిలిచింది.
పిల్లలు బంతాడే జాగా మళ్ళీ మొలిచింది.
ఇరవై ఏళ్ళ తర్వాత మా ఒడ్డు
వెనక్కి కాక ముందుకి నడవడం చూసి
నేనూ చప్పట్లు కొట్టాను.

నిన్న ఉల్లిపాయల బేరానికి తూర్పుకి వెళ్ళాను.
దారి కొంత నీళ్ళలో ఉంది.
మళ్ళు నాలుగు వరసలు మిగిలాయి,
చివరి వరస ఆకులు ఉప్పుకి మాడి పసుపెక్కాయి.
ఆవిడ ముసలిదైంది. నన్ను పోల్చుకోలేదు.
సున్నపు కొబ్బరికాయ అన్నాను.
అప్పుడు నవ్వి, స్టూలు లాగి, కూర్చోబెట్టి,
పులుసు గిన్నె ముందు పెట్టి
సముద్రం వైపు చూస్తూ అడిగింది:
మీ వైపు నుంచి వచ్చేవాణ్ణి అడుగుతున్నాను నాయనా,
మాకు రావాల్సిన ఇసుక
దారిలో ఎక్కడైనా ఆగిందా?

ముద్ద చేతిలోనే ఉంది.
వేళ్ళు దగ్గరికి ముడుచుకున్నాను.