వేలు మందం

ఎల్లనూరు దావలో వంక దాటేకాడ
చీనీకాయల లోడుతో మూడుసార్లు దిగబడి,
మూడోసారి ట్రాక్టరు వాడికి ఎనిమిదొందలు ఇచ్చుకోని
తాడిపత్రిలో పీరా సాబు అంగడి ముందర బండి ఆపినా.

"పెద్ద టైర్లు ఎయ్యి సాబూ."

ఆయప్ప ఏమీ అనలే.
సబ్బునీళ్ళలో గుడ్డ ముంచి
టైరు పక్కన బురద తుడిచినాడు.
ఆరేండ్లు నాతోపాటు తిరిగిన అంకెలు
ఆ పొద్దు కనపడినాయి నాకు.

"రెండు వందల పదహైదు, ఇది కడుపు వెడల్పు, మిల్లీమీటర్లల్లో.
డెబ్బై అయిదు, ఆ వెడల్పులో నూటికి ఇంత గోడ ఎత్తు.
ఆర్ అంటే లోపలి దారాల నేత.
పదహైదు అంగుళాలు రిమ్ము, దాని జోలికి పోము.
ఈ చివర ఉండేది బరువు అంకె.
దీన్ని ఎవురూ అడగరు.
టైరు పగిలినాక అడుగుతారు."

రెండు వందల ముప్పై అయిదుకు పోతే
నిలువునా ముప్పై మిల్లీమీటర్లు పెరుగుతాదంట.
సగం ఇరుసుకు పైన, సగం కింద.
బండి లేసేది కింది సగమే.
చూపుడువేలు అడ్డంగా పట్టి చూపించినాడు.

"ఇంతేనా?"

"ఇంతే. టైరు పెరిగిందని ఇరుసు పెరగదప్పా,
గంపలు ఎక్కువ ఎయ్యొద్దు."

బిగించినాక స్టీరింగు ఆ కొసకూ ఈ కొసకూ తిప్పమన్నాడు.
కుడికి బాగుంది.
ఎడమకు తిప్పితే మడ్‌గార్డు లోపల సర్రుమంది.
అంచు రవంత కోసి, సందులో అరచెయ్యి దూర్చి చూసి
"మీటరు అరవై అంటాది,
నువ్వు అరవై రెండున్నరలో ఉంటావు, గ్యాపకం పెట్టుకో" అన్నాడు.
ఇంట్లో నేను చెప్పే బాడుగ లెక్క గూడా
ఇట్లాంటిదే కదా అనుకుంటి.

స్టెప్నీ మాత్రం పాతదే. దుడ్లు చాల్లే.
బండి అడుగున పొట్టి తమ్ముడి మాదిరి ఏలాడుతాంది.

తెల్లారి వంక దాటినా.
నీళ్ళు తాకినాయి, బండి ఆగలే.
తోటలో నాలుగు టైర్లనూ అందరికీ చూపించాలనుకుంటే
ఎవురూ చూడలే, కాయలు కోస్తాండారు.

ఓబుళమ్మ గంప నెత్తిన పెట్టుకోనొచ్చి
తొట్టి అంచుకు ఎత్తబోయి నిలబడిపాయ.
మళ్ళా ఎత్తె.
"ఏమిరా, బండికి ఏం జేస్తివి?"
"ఏం లేదవ్వా, వేలు మందం లేపినా."
"నీకు వేలు మందమే.
నాకు దినానికి నూటా ఇరవై గంపలు."

సాయంత్రం మళ్ళా సాబు అంగడికే పోయినా.
గోడకానుకోని పగిలిన నాపబండ ఒకటుంటే అడిగినా.
ఎందుకని అడగలే ఆయప్ప,
నా పాత టైరులో ముక్క గూడా కోసి ఇచ్చినాడు,
బండ జారకుండా కిందేసుకోమని.

తొట్టి ఎనక నేల మీద పరిచినా.
ఓబుళమ్మ కాలితో తొక్కి చూసె.
"కదుల్తాంది."
వంగి ఇంకో రాయి చెక్క దోపినా.
మళ్ళా తొక్కె.
గంప ఎత్తె.