రెండు చుక్కలు

కోవెంట్రీలో వాన. డోరీన్ షెడ్డులో
కిరోసిన్ వాసన, చల్లారిన టీ.
ఫ్యాక్టరీ మూతపడ్డాక మళ్లీ ఇవాళే
నలుగురం ఒక ఇంజన్ చుట్టూ.
ఆరు పిస్టన్లు పాత దుప్పటి మీద
వరస తప్పకుండా పడుకున్నాయి.

విల్ఫ్ చేతులు వణుకుతాయి,
పానా అందేదాకానే.
నెవిల్‌కి చెవులు పోయాయి;
స్టార్ట్ కానివ్వండి,
స్క్రూడ్రైవర్ దవడకి ఆనించి వింటానంటాడు.

క్రాంక్‌షాఫ్ట్ తుడుస్తుంటే బయటపడ్డాయి
పక్కపక్కనే రెండు చుక్కలు, పంచ్‌తో కొట్టినవి.
క్లైవ్ గుర్తు.
సమ్మెలో గేటు దాటి పనికెళ్లినవాడు.
ఆ తర్వాత వాడి పెళ్లికి వెళ్లలేదు మేం,
చావుకీ వెళ్లలేదు.

డోరీన్ మైక్రోమీటర్ బిగించి చూసింది.
కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది.
వెంట్రుకవాసి తేడా లేదు.

"వెధవ," అన్నాడు విల్ఫ్
బేరింగుకి నూనె పూస్తూ,
చాలాసేపు పూస్తూ.