మడమ చప్పుడు

బర్రాకస్ పేటలో, పాత తోళ్ళ గోదాము వెనక
కిటికీల్లేని గదిలో నా ఉద్యోగం.
తెర మీద ఆవిడ నడుస్తుంది.
ఆ నడక నాది.

నాకు యాభై ఎనిమిది. పిక్కల మీద నరాలు
ద్రాక్షతీగల్లా అల్లుకున్నాయి.
డబ్బాలోంచి ఎత్తుమడమల జోడు తీసి
ఉన్ని మేజోళ్ళ మీదే తొడుక్కుంటాను.
చలువరాతి పలక మీద, ఉన్నచోటనే నడుస్తాను:
టక్. టక్. కాస్త జాగు. టక్.

ఆ జాగులోనే ఉంటుందట ప్రమాదం.
"ఇంకొంచెం విషం, ఎర్మెలిందా" అంటాడు
గాజుపలక అవతలి నుంచి బసీలియో.
విషమంటే ఏం లేదు,
బరువు వేళ్ళ మీదకి పోనీయకుండా
మడమ మీదే ఓ లిప్త ఆపడం.
మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళందరూ
మెట్లు దిగేది అలాగే.

ఇరవై రెండేళ్ళుగా ఒకటే ముఖం.
జుట్టు రంగు మారుతుంది, మొగుళ్ళు మారతారు.
అత్తరు ప్రకటనలో సీసా మూత తీస్తుంది,
కారు ప్రకటనలో తలుపు తీసి ముందు కాలు బయటపెడుతుంది,
సినిమాలో హ్యాండ్‌బ్యాగు తీస్తుంది.
ఏది తీసినా ఒక మగాడు పాడైపోతాడు.

ఆ బ్యాగు గొళ్ళెం నా కళ్ళజోడు పెట్టె.
పట్టుగౌను రెపరెప ఒక చిరిగిన గొడుగు గుడ్డ.
ముద్దు, నా మణికట్టే.
చివర్లో ఆవిడ పడిపోతుంది. ఎప్పుడూ పడిపోతుంది.
దానికి తడి ఇసుక పోసిన పిండిబస్తా ఉంది,
ఎంత ఎత్తునుంచి వదలాలో చేతులకే తెలుసు.
ఒకసారి బస్తా పిగిలి
ఇసుక సన్నగా నేలంతా జారింది.
బాగుందని బసీలియో ఉంచేశాడు.
చూసినవాళ్ళు వాన అనుకున్నారు.

మొన్న గురువారం, సందు సీను.
ముందు ఆవిడ. ఇరవై గజాల వెనక అతను, కాలరు పైకెత్తుకుని.
మగ బూట్లు కూడా తుడిచి పెట్టుకున్నాను.
"అవి అక్కర్లేదండీ" అన్నాడు దర్శకుడు లౌతారో,
కుర్రాడు, మర్యాదస్తుడు.
"ఆవిడ అడుగులు చాలు. భయమంతా అక్కడే ఉంది."
"వెనకాల పడింది అతను కదా?"
"అతను వలలో పడుతున్నాడు."
డబ్బాలో వెతికాను.
నా సామాన్లలో వల లేదు.

ఆ రాత్రి పదకొండున్నరకి బస్సు దిగాను.
జూలై చలి. వీధి దీపాలు
ఒకటి వెలిగితే రెండు ఆరిపోయి ఉన్నాయి.
నా కాళ్ళకి గుడ్డజోళ్ళు, చప్పుడు లేదు.
రైలు వంతెన కింద
చప్పుడు లేనిది ఇంకొకటి ఉంది.
ఇన్నేళ్ళ పనితనం, చెవి అబద్ధం చెప్పదు:
రబ్బరు అడుగు, ఎనభై కిలోల మనిషి,
ఎడమ కాలు కాస్త ఈడుస్తాడు.
నేను ఆగితే ఆగింది.

సంచిలో ఎత్తుమడమల జోడుంది,
ఒక మడమ వదులైతే మరమ్మతుకి తెచ్చుకున్నది.
చెప్తే నవ్వుతారు,
దాన్ని చేతులకి తొడుక్కున్నాను.
మూసేసిన కసాయి కొట్టు ఇనప షట్టరు మీద
టక్. టక్. జాగు. టక్.
సందు చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చింది ఆవిడ.
ఎంత పొడుగు మనిషి!
ఆవిడకి మోకాళ్ళు లేవు, ఇల్లు లేదు, రేపు లేదు,
పోగొట్టుకోడానికి ఏమీ లేదు.

అతను ఆగిపోయాడో, పక్క వీధికి తిరిగాడో,
పాపం అతనిల్లే అక్కడో, నాకు తెలీదు.
తాళం తీసేటప్పుడు కూడా
కుడిచేతికి ఆ జోడు అలాగే ఉంది.

శుక్రవారం పొద్దున్నే, ఎవరూ రాకముందు
రబ్బరు బూట్లు తొడుక్కుని
సందు సీనుకి అతని అడుగులు వేశాను.
ఎడమ కాలు కాస్త ఈడ్చి.
గొణుగుడు కన్నా మెల్లగా,
ఆవిడ ఆగినచోటల్లా ఆగుతూ.

బసీలియో విన్నాడు.
టీ చల్లారేదాకా ఏమీ అనలేదు.
ఇంకా తీసెయ్యలేదు.